బ్లాక్ హోల్ రాకుండా ప్రార్థన చేయమన్న పిల్ల



పోయిన నెల మొదటి ఆదివారం సంగతి. ఆరాధన అయిపోయింది, బల్ల గిన్నెలు మా ఇంటావిడ కడుగుతోంది, నేను మైకు వైర్లు చుట్టుకుంటున్నాను. మన సంఘంలోని ఒక పిల్ల, తొమ్మిదో తరగతి, తలుపు పట్టుకుని నిలబడింది.

"అయ్యగారూ, ఒక ప్రార్థన చెయ్యాలె."

పరీక్షలేమో అనుకున్నాను. "దేని గురించి బిడ్డా?"

"బ్లాక్ హోల్ రాకుండ."

నవ్వు వచ్చింది కానీ ఆ పిల్ల మొహం చూసి మింగేశాను. కళ్ళ కింద నల్లగా ఉంది. నాలుగు రోజుల నుంచి రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదట. ఫోన్‌లో ఎవరో వీడియో పంపారు. భూమి బొమ్మ, దాని వైపు ఎర్ర బాణం, ఒక నల్లని సుడి, వెనక ఉరుములాంటి సంగీతం. "శాస్త్రవేత్తలు దాచిపెడుతున్న నిజం" అని ఒక గొంతు. ఆ గొంతు వింటే నాకు ఇంకెవరిదో గొంతు గుర్తొచ్చింది. అది తర్వాత చెప్తాను.

"నువ్వు కూడా ప్రార్థన చెయ్యొచ్చు కదమ్మా" అన్నాను.

"మీరు చేస్తేనే ఆగుతదని నాయినమ్మ చెప్పింది. అప్పట్ల ఆ మిషన్‌ను మీరే ప్రార్థన చేసి ఆపిన్రంట గద."

మైకు వైరు చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి రెండు మాటలు ప్రార్థించి పంపాను. ఏం ప్రార్థించానో నాకే తెలియదు. ఈ వ్యాసం ఆ కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను. పేర్లు రాయను. ఎవరో మీలో కొందరికి తెలిసిపోతుంది, తెలిసినా ఊరుకోండి.

మీలో పాతవాళ్ళకు 2008 గుర్తుండే ఉంటుంది. నాకు 28 ఏళ్ళు. సెమినరీ డిప్లొమా చేతికొచ్చి రెండేళ్ళు కాలేదు. అప్పుడు మనది రేకుల షెడ్డు, వాన పడితే నా ప్రసంగం ముందు వరుసకు కూడా వినబడేది కాదు. ఆ సంవత్సరమే మన శామీర్‌పేటలో బిట్స్ పిలానీ వాళ్ళ హైదరాబాద్ కాలేజీ మొదలైంది. మన గుట్టల పక్కన అంత పెద్ద చదువు వచ్చి కూర్చుంటున్న రోజుల్లోనే, మన షెడ్డులో నేను చెప్పిన సైన్సు వేరే రకం.

స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో, భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టు సొరంగంలో సెర్న్ అనే సంస్థ ఒక యంత్రం కట్టింది. లార్జ్ హాడ్రాన్ కొలైడర్. ప్రోటాన్లను దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా తిప్పి గుద్దించి, లోపల ఏముందో చూడడం దాని పని. ఆ గుద్దుకోవడంలో చిన్న బ్లాక్ హోల్ పుడుతుందనీ, అది భూమిని లోపలినుంచి తినేస్తుందనీ కొందరు అన్నారు. ఆ యంత్రాన్ని ఆపమని అమెరికాలో హవాయి కోర్టులో కేసు కూడా వేశారు. మన టీవీలు ఊరుకుంటాయా? పొద్దున లేస్తే ప్రళయం, రాత్రి పడుకుంటే ప్రళయం. గడియారం వెనక్కి తిరుగుతూ ఇంకా ఇన్ని గంటలు అని చూపించారు.

టీవీలను అనడం తేలిక. సెప్టెంబర్ 7, ఆదివారం, నేనేం చేశాను? రెండో పేతురు పత్రిక మూడో అధ్యాయం తీసి, ఆకాశాలు గతించిపోయే పదో వచనం చదివాను. చదివి, ఆ టీవీలో విన్నదంతా దానికి కలిపాను. "బుధవారం ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు" అన్నాను, మూడుసార్లు, ఒక్కోసారి గొంతు పెంచుతూ. ప్రభువు ఎంత ఓపికగా ఉన్నాడో చెప్పే తొమ్మిదో వచనం దానికి ఆనుకునే ఉంది. దాన్ని చదవలేదు. మర్చిపోయి కాదు. పదో వచనం ఊపు తగ్గుతుందని.

ఆ రోజు షెడ్డు నిండింది. బయట చెప్పులు పెట్టే చోట కూడా జనం. ఏడ్చారు. పదకొండు మంది చేతులెత్తారు. కానుకల సంచి ఎప్పటికన్నా బరువుగా ఉంది. రాత్రి డైరీలో "ఆత్మ బలంగా పనిచేసెను" అని రాసుకున్నాను. ఆ డైరీ ఇప్పటికీ ఉంది. ఆ పేజీ తీయాలంటే నాకు మనసొప్పదు.

మంగళవారం పొద్దున మా ఇంటికి పాలు రాలేదు. ఆ పిల్ల నాయినమ్మ దగ్గరే మేము పాలు పోయించుకునేవాళ్ళం. ఒక్కటే బర్రె, పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది. కనుక్కుంటే సోమవారం సాయంత్రం బేరగానికి అమ్మేసిందట, వచ్చిన ధరకు. ఆ డబ్బుతో పిల్లలకు కొత్త బట్టలు, మాంసం తెచ్చింది, కొంత కానుక కోసం పక్కన పెట్టింది. "రేపటెల్లుండికి ఉంటమో లేదో, బర్రె ఏం చేసుకుంట" అని చుట్టుపక్కల వాళ్ళతో అన్నదట. ఆ మాట మా ఇంటావిడ వచ్చి నాకు చెప్పింది. చెప్పి, ఇంకేమీ అనకుండా నల్ల టీ పెట్టింది.

10వ తేదీ బుధవారం. మన టైము మధ్యాహ్నం ఒంటిగంట దాటాక యంత్రం మొదలైంది. మేము షెడ్డులో ఉపవాస ప్రార్థనలో ఉన్నాం. నిజానికి ఆ రోజు గుద్దుకోవడాలే లేవు, ఊరికే ఒక వైపు ఒకసారి, రెండో వైపు ఒకసారి తిప్పి చూశారంతే. ఆ సంగతి పేపర్లో ఉంది, నేను చదవలేదు. సాయంత్రానికి అందరం ఇళ్ళకు పోయి అన్నం తిన్నాం. మరుసటి రోజు పేపర్లో మధ్యప్రదేశ్ వార్త చూశాను. ప్రళయం కార్యక్రమాలు చూసి బెదిరిపోయిన ఒక అమ్మాయి ప్రాణం తీసుకుందని ఇంట్లోవాళ్ళు చెప్పారట. మన పిల్ల వయసే ఇంచుమించు. ఆ పేపరు మడిచి పరుపు కింద పెట్టేశాను, ఎవరి కంటా పడకూడదని.

ఇంకొకటి ఉంది. తొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబర్ 19న, ఆ యంత్రం చెడిపోయింది. రెండు అయస్కాంతాల మధ్య కరెంటు జాయింటు ఒకటి కాలి, హీలియం బయటికి తన్నుకొచ్చి, ఏడాదికి పైగా మూతపడింది. ఆ వచ్చే ఆదివారం సంఘంలో ఒక పెద్దాయన లేచి సాక్ష్యం చెప్పాడు, మన అయ్యగారి ఉపవాస ప్రార్థన ఆలకించి దేవుడు ఆ మిషన్‌ను ఆపాడని. అందరూ చప్పట్లు కొట్టారు. నేను "స్తోత్రం" అన్నాను. ఆ ఒక్క మాటతో అది నిజమైపోయింది. 2009 నవంబర్‌లో దాన్ని మళ్ళీ మొదలుపెట్టి నిజంగానే గుద్దించారు. అప్పుడు ఎవరూ నన్నడగలేదు, నేనూ చెప్పలేదు. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్ కనబడిందని ప్రకటించారు. అదీ చదివి ఊరుకున్నాను.

పదహారేళ్ళు ఊరుకున్న మాట తొమ్మిదో తరగతి పిల్ల నోట తిరిగొచ్చింది.

మన దగ్గర ఇది మొదటిసారి కూడా కాదు. 1979 జూలైలో స్కైలాబ్ పడుతుందని తెలంగాణ పల్లెల్లో కోళ్ళు, మేకలు కోసుకు తిన్న కథలు మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. దాని మీద ఈ మధ్య సినిమా కూడా వచ్చింది. నేనప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను. మా ఊళ్ళో అప్పు ఇచ్చినవాళ్ళు అడగడం మానేశారట, తీసుకున్నవాళ్ళు సంతోషంగా కల్లు తాగారట. మా అమ్మకు కూడా ఎవరో కోడికూర పంపారు, పోయేముందు తినమని. కాబట్టి ఆ కూరలో నాకూ వాటా ఉంది. చివరికి స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి వైపు పడ్డాయి. అక్కడి ఎస్పరెన్స్ ఊరివాళ్ళు మా దగ్గర చెత్త వేశారని అమెరికా వాళ్ళ నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. భయపడింది మనం, జరిమానా వేసింది వాళ్ళు.

సరే, ఆ పిల్లకు ఏం చెప్పాలి? "భయపడకు, దేవుడున్నాడు" అని చెప్పి పంపొచ్చు. అది నిజమే. కానీ ఆ పిల్ల అడిగింది దేవుడున్నాడా అని కాదు, బ్లాక్ హోల్ వస్తుందా అని. అడిగినదానికి జవాబు ఇవ్వకుండా వేరేదానికి ఇవ్వడం మా పాస్టర్లకు ఉన్న పాత అలవాటు.

మన సంఘంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే తమ్ముడున్నాడు కదా, సోమవారం సాయంత్రం అతని ఇంటికి పోయాను. ముందే ఒక ఉపమానం తయారు చేసుకుని పోయాను. బ్లాక్ హోల్ అంటే మన ఊరి దిగుడు బావి లాంటిది, అంచు దాకా పోతే పడతాం, అంతేకానీ బావి మన వెంట నడిచి రాదు, అని. అతను విని, "బాగుంది అయ్యగారూ, కానీ ఈ బావి నడుస్తుంది" అన్నాడు. నక్షత్రాలన్నీ ఎలా కదులుతాయో బ్లాక్ హోళ్ళు కూడా అలాగే కదులుతాయట. నా ఉపమానం అక్కడే మునిగిపోయింది.

అయితే అతను చెప్పింది అంతకన్నా ధైర్యం ఇచ్చింది. నాకు అర్థమైనంత రాస్తాను.

బ్లాక్ హోల్ అనగానే పీల్చేస్తుంది అనుకుంటాం. అది పీల్చదు. దాని ఆకర్షణ కూడా సూర్యుడి ఆకర్షణ లాంటిదే. బరువెంత, దూరమెంత, ఇవి రెండే లెక్క. ఇప్పటికిప్పుడు మన సూర్యుణ్ణి నలిపి అంతే బరువున్న బ్లాక్ హోల్‌గా చేశారనుకోండి, అది కేంద్రం నుంచి అంచుకు మూడు కిలోమీటర్లు ఉంటుంది. మన గుడి నుంచి అవతలి పల్లె దాకా. అప్పుడు భూమి ఏమవుతుంది? ఎనిమిది నిమిషాల తర్వాత చీకటి పడుతుంది, తర్వాత గడ్డకట్టే చలి. కానీ తిరిగే దారిలోనే తిరుగుతుంది, లోపలికి పోదు. అదే భూమిని నలిపితే ఎంతవుతుందని అడిగాను. చేతిలో గోళీ అంత అన్నాడు. మన సూర్యుడు మాత్రం ఎప్పటికీ బ్లాక్ హోల్ కాలేడట, అంత బరువు లేదు.

మనకు తెలిసినవాటిలో అన్నిటికన్నా దగ్గరిది 2022లో బయటపడింది. పేరు గాయా బీహెచ్ 1. దూరం సుమారు 1,560 కాంతి సంవత్సరాలు. సూర్యుడికన్నా పది రెట్లు బరువు ఉంటుంది. దాన్ని ఎవరూ కళ్ళతో చూడలేదు. సూర్యుడి లాంటి ఒక నక్షత్రం ఏమీ లేని చోటు చుట్టూ 186 రోజులకోసారి తిరుగుతుంటే, అక్కడేదో ఉందని పట్టుకున్నారు. ఇక్కడ నేను తమ్ముణ్ణి ఆపి మళ్ళీ చెప్పించుకున్నాను. ఆ నక్షత్రం దాని చుట్టూ తిరిగేది మనకూ సూర్యుడికీ ఉన్న దూరానికి కాస్త ఎక్కువ దూరంలోనే. అంత దగ్గరున్న నక్షత్రాన్నే అది మింగలేదు. తన పాటికి తాను వెలుగుతూ తిరుగుతోంది.

1,560 కాంతి సంవత్సరాలంటే ఎంత? వాయేజర్ 1 అనే నౌక సెకనుకు 17 కిలోమీటర్లు పోతుంది. ఆ వేగంతో అక్కడికి చేరాలంటే దాదాపు 2 కోట్ల 75 లక్షల ఏళ్ళు పడుతుంది. ఇది కూడా నా బుర్రకు ఎక్కలేదు. అప్పుడు తమ్ముడు వంటింట్లోకి పోయి ఒక ఆవగింజ తెచ్చాడు. నేను ఏ వాక్యం గుర్తుచేసుకుంటానో అతనికి తెలుసు, అందుకే నవ్వాడు. సూర్యుడు ఈ ఆవగింజంత అనుకుంటే, సూర్యుడికి దగ్గరి నక్షత్రం ఇంకో గింజ, అది సిద్ధిపేట దగ్గర ఉంటుంది. మధ్యలో గజ్వేల్ లేదు, తుర్కపల్లి కంపెనీలు లేవు, దాదాపు అరవై కిలోమీటర్లు ఖాళీ. అదే లెక్కలో ఆ దగ్గరి బ్లాక్ హోల్ కంటికి కనబడని ధూళి, 21,000 కిలోమీటర్ల అవతల. భూమ్మీద శామీర్‌పేటకు అంత దూరపు ఊరే లేదు.

ఒకవేళ మనకు తెలియనిది ఏదైనా ఇటు వస్తేనో? వస్తే ముందు బయట తిరిగే గ్రహాల దారులు చెదరాలి. నెప్ట్యూన్ లాంటివి. ఆ దారులు ఏళ్ళ తరబడి లెక్కగట్టి చూస్తూనే ఉన్నారు, అలాంటి చెదురు ఏదీ లేదు. మరి సెర్న్ యంత్రం? దానికన్నా ఎన్నో రెట్లు శక్తితో అంతరిక్షం నుంచి కణాలు వచ్చి మన గాలిని గుద్దుతూనే ఉన్నాయి, మన పెద్ద చెరువు మీద కూడా, 450 కోట్ల ఏళ్ళ నుంచి. చంద్రుడి మీద గాలి కూడా లేదు, నేరుగా తగులుతాయి. చంద్రుడు ఎక్కడున్నాడో రాత్రి బయటికి వస్తే కనబడుతుంది. రింగ్ రోడ్డు లైట్లు వచ్చాక మనకు నక్షత్రాలు మాత్రం సరిగా కనబడటం లేదు, అది వేరే బాధ.

ఇంకో సంగతి విని ఆశ్చర్యపోయాను. మనకు ఇటు పక్కనే ఈసీఐఎల్ దగ్గర టాటా సంస్థ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది కదా, యాభై ఏళ్ళకు పైగా అక్కడినుంచి పెద్ద పెద్ద బెలూన్లు వదులుతున్నారు. వాటికి కట్టిన పరికరాలతో సిగ్నస్ ఎక్స్-1 అనే బ్లాక్ హోల్‌ను కూడా చూశారు. అవి పారాచూట్లతో మన జిల్లాల్లో పడితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి అని పేపర్లో ప్రకటనలు వేస్తారు. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో పొలంలో గుండ్రటి పెట్టె దిగితే జనం గ్రహాంతరవాసులని పరిగెత్తింది ఇలాంటిదానికే, స్పెయిన్ కంపెనీ ఒకటి పరీక్షకు పంపిన గది అది. 2024 జనవరి 1న మనం వాచ్‌నైట్ ఆరాధన ముగించి ఇళ్ళల్లో నిద్రపోతుంటే, పొద్దున తొమ్మిది దాటాక శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్ పైకి పోయింది. బ్లాక్ హోళ్ళ దగ్గరినుంచి వచ్చే ఎక్స్ కిరణాలను చూడడానికే. నేను ఆ రోజు కొత్త సంవత్సరపు వాగ్దానాల కార్డులు పంచాను. ఈ వార్త ఒక్క ముక్క చెప్పి ఉంటే పిల్లలకు ఎంత బాగుండేది.

ఇంటికొచ్చి నేను ఇన్నేళ్ళలో చేసిన సమాధి కార్యక్రమాల పుస్తకం తిరగేశాను. రాజీవ్ రహదారి దాటుతూ పోయినవాళ్ళు. తాగి పోయినవాళ్ళు. డెంగీ. చెరువులో ఈతకు దిగిన ఇద్దరు అన్నదమ్ములు. ఆకాశం నుంచి వచ్చినది ఒక్కటీ లేదు. హెల్మెట్ గురించి నేను ఎన్ని ప్రసంగాలు చేశానని వెతికితే, అవి కూడా లేవు.

బుధవారం సాయంత్రం ఆ పిల్ల ఇంటికి పోయాను. నాయినమ్మ గడపలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆవగింజ సంగతి, గోళీ సంగతి చెప్పాను. ఆ పిల్ల నోటుబుక్కు తెచ్చుకుని 17 కిలోమీటర్ల లెక్క తానే చేసింది. ఒక సున్నా ఎక్కువ వేసి, కొట్టేసి, మళ్ళీ చేసింది. "అయితే వీడియోల అబద్ధమా?" అంది. "అబద్ధం" అన్నాను. "వాళ్ళకెందుకు అబద్ధం?" అంది.

ఆ ప్రశ్న కోసమే నేను వచ్చాను, కానీ అప్పుడే వస్తుందనుకోలేదు.

"భయపడితే జనం చూస్తారు బిడ్డా. నేనూ చేశాను ఆ పని" అన్నాను. ఇక ఆగకుండా నాయినమ్మ వైపు తిరిగి అంతా చెప్పేశాను. ఆ ఆదివారం చదవకుండా వదిలేసిన వచనం గురించి. ఆ మిషన్ ఆగింది జాయింటు కాలి, నా ప్రార్థన వల్ల కాదు, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, అయినా చప్పట్లు తీసుకున్నాను అని. మీ బర్రె నా మాట వల్ల పోయిందమ్మా, అని కూడా అన్నాను. గొంతు సరిగా రాలేదు.

ఆమె చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"గా బర్రెనా?" అంది. "మీ మాటకు ఎవ్వరమ్మిన్రు అయ్యగారూ. గది అప్పటికే పాలిడిసింది. ఉట్టిగ గడ్డి దినుకుంట ఉండె."

మనవరాలి వైపు తిరిగి, "లైటు ఆర్పు. కరెంటు బిల్లు ఎవలు గడ్తరు" అంది.